క్యాంపస్ కార్బన్ లెక్క ఎలా వేస్తారు? మా డ్యాష్‌బోర్డ్‌లో తప్పు ఎక్కడ జరిగింది?

మా కాలేజీ మెయిన్ బ్లాక్ లాబీలో ఒక 43 అంగుళాల టీవీ ఉండేది. ప్లేస్‌మెంట్స్ వచ్చినవాళ్ళ ఫొటోలు తిరుగుతూ ఉండేవి దాంట్లో. మా ఫైనల్ ఇయర్‌లో ఆ ఫొటోలు పోయి ఆకుపచ్చ రంగులో ఒక పెద్ద నంబర్ వచ్చింది. "ఈ రోజు మన క్యాంపస్ కార్బన్ ఉద్గారాలు: ఇన్ని కిలోలు." పక్కన ఊగుతూ ఒక ఆకు బొమ్మ. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన పేరెంట్స్ ఆగి మరీ ఫొటో తీసుకునేవాళ్ళు. ఆ డ్యాష్‌బోర్డ్ కట్టింది నేనూ, ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్. ఆ నంబర్ తప్పు. తప్పని మాకు తెలిసేసరికి నాలుగు నెలలు అయిపోయింది.

మాది పామర్రు. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. మొన్న ఒక జూనియర్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, మేం కూడా క్యాంపస్ కార్బన్ ట్రాకర్ చేస్తున్నాం. ఏ సెన్సర్ కొనమంటావ్?" వాడికి రిప్లై టైప్ చేస్తూ ఉంటే అది ఎంతకీ అవలేదు. సెన్సర్ అనేది ఈ ప్రాజెక్టులో తేలికైన భాగం. అందుకే ఇక్కడ రాస్తున్నా.

యూనిట్ నుంచి కిలోకి

ముందు బేసిక్ లెక్క. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. ఆ యూనిట్ తయారయ్యేటప్పుడు ఎంత కార్బన్ డై ఆక్సైడ్ గాల్లోకి పోయిందో చెప్పే నంబర్‌ని ఎమిషన్ ఫ్యాక్టర్ అంటారు. మన దేశంలో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ దీన్ని ఏటా లెక్కగట్టి బయటపెడుతుంది. 2023-24కి ఇచ్చిన సగటు యూనిట్‌కి 0.727 కిలోలు. అంతకుముందు ఏడాది 0.716. గమనించారా, పెరిగింది. సోలార్ ప్లాంట్లు ఎన్ని వస్తున్నా వాడకం అంతకన్నా వేగంగా పెరిగి బొగ్గు కూడా ఎక్కువ మండితే ఇలాగే అవుతుంది. అంటే మీ క్యాంపస్ ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడకపోయినా మీ ఉద్గారాలు ఒకటిన్నర శాతం పెరిగినట్టు.

మాకు అప్పట్లో ఒక డౌట్ వచ్చింది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ ఉంది. 1979 నుంచీ నడుస్తోంది. మరి మాకు వచ్చే కరెంటు అక్కడిదే కదా, దేశం మొత్తం సగటు ఎందుకు వాడాలి? సమాధానం గ్రిడ్‌లో ఉంది. 2013 డిసెంబర్ 31న సదరన్ గ్రిడ్‌ని మిగతా దేశంతో కలిపేశారు. అప్పటినుంచి దేశం అంతా ఒకే గ్రిడ్, ఒకే ఫ్రీక్వెన్సీ. మీ ఫ్యాన్ తిప్పుతున్న కరెంటు ఇబ్రహీంపట్నం బొగ్గుదా, కర్నూలు సోలార్‌దా అని వైరు చూసి చెప్పడం కుదరదు. చెరువులో కలిసిన నీళ్ళు ఏ కాలవలోంచి వచ్చాయో చెంబుతో ముంచి చెప్పలేం కదా, అలాగే.

ఈ సైట్ చదివేవాళ్ళకి ఫోన్ లెక్క చెప్తేనే బాగా ఎక్కుతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. ఛార్జర్‌లో పోయే వేడి కూడా కలిపి 25 అనుకోండి. రోజూ ఫుల్ ఛార్జ్ చేసినా ఏడాదికి 9 యూనిట్లు, అంటే ఆరున్నర కిలోల కార్బన్. అదే ఐఫోన్ 13కి ఆపిల్ ఇచ్చిన రిపోర్టులో ఫోన్ జీవితకాలం మొత్తానికి 64 కిలోలు ఉంటే, అందులో దాదాపు ఐదింట నాలుగు వంతులు తయారీలోనే అయిపోయాయి. రాత్రి ప్లగ్ తీసేసి పర్యావరణాన్ని కాపాడుతున్నా అనుకునేకంటే ఉన్న ఫోన్‌ని ఇంకో ఏడాది వాడటం మేలు. రివ్యూలు రాసే సైట్‌లో ఈ మాట అనకూడదేమో గానీ, లెక్క లెక్కే.

మీటర్ దగ్గర మొదలెట్టాం

మేం మొదట కొన్నది ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక పీజెడ్ఈఎం-004టీ మాడ్యూల్. రెండూ కలిపి రెండు వేల లోపే. ఆ మాడ్యూల్‌తో వచ్చే చిన్న రింగులోంచి ఫేజ్ వైరు పోనిస్తే 100 ఆంపియర్ల దాకా కొలిచి వోల్టేజ్, కరెంట్, పవర్, యూనిట్లు అన్నీ సీరియల్‌లో ఇస్తుంది. ఒక ల్యాబ్‌కి ఇది చాలు. కానీ క్యాంపస్‌కి వచ్చేది 11 కేవీ హెచ్‌టీ సప్లై. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక మూడు ఫేజుల్లో వందల ఆంపియర్లు. ఆ ప్యానెల్ ముందు మా రింగు బొమ్మలా ఉంది.

ఆ రోజు మమ్మల్ని ప్యానెల్ రూమ్‌లోకి తీసుకెళ్ళింది కాలేజీ ఎలక్ట్రీషియన్. అందరం బాబాయ్ అనేవాళ్ళం. పెద్ద సీటీ నుంచి వచ్చే వైరు పీకి మా బోర్డుకి పెడదామని నేను చెయ్యి పెట్టబోతే చేతిమీద కొట్టినంత పని చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, లోడ్ నడుస్తుండగా సీటీ సెకండరీ ఊడదీస్తే ఏమవుద్దో మీ పుస్తకంలో లేదా?" ఉంది. ఓపెన్ అయిన సీటీ వైర్ల మధ్య ప్రాణం తీసేంత వోల్టేజ్ పుడుతుంది. థర్డ్ ఇయర్‌లో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నా. ప్యానెల్ ముందు గుర్తు రాలేదు.

తర్వాత బాబాయే చూపించాడు. ప్రతి ప్యానెల్ డోర్ మీదా ఎర్ర అంకెలతో ఒక మల్టీ ఫంక్షన్ మీటర్ ఉంటుంది. చాలా మోడళ్ళకి వెనక ఆర్ఎస్485 పోర్ట్ ఉంటుంది, మోడ్‌బస్‌లో మాట్లాడుతుంది. మీ కాలేజీలో కూడా ఉండే అవకాశం ఎక్కువ, ఎవరూ వాడరంతే. దానికి ఒక ఆర్ఎస్485 కన్వర్టర్ పెట్టి ఈఎస్‌పీ32కి కలిపితే కొత్త సీటీలే అక్కర్లేదు. పవర్ ఆపించి, బాబాయ్ చేత కనెక్షన్ ఇప్పించుకున్నాం. ఒకటే జాగ్రత్త: మీటర్‌లో సీటీ రేషియో సెట్ చేసి ఉందో లేదో చూసుకోవాలి. 400/5 సీటీ ఉండి మీటర్‌లో రేషియో పెట్టకపోతే అది చూపించేదాన్ని మీరు 80తో గుణించాలి. లేదంటే మీ క్యాంపస్ రాత్రికి రాత్రే 80 రెట్లు గ్రీన్ అయిపోతుంది.

ఇదంతా పెద్ద ఎత్తున, పద్ధతిగా చేసినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. గచ్చిబౌలిలోని ఐఐఐటీ హైదరాబాద్ తన 66 ఎకరాల క్యాంపస్‌నే స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్‌గా మార్చింది. కరెంటు, సోలార్, నీళ్ళు, గాలి నాణ్యత, వీధి దీపాలు, ఇలా దేనికి దానికి సెన్సర్లు పెట్టి, వన్ఎంటూఎం అనే స్టాండర్డ్‌తో డేటా అంతా ఒకచోటికి తెచ్చారు. నాకు బాగా నచ్చింది వాళ్ళ నీళ్ళ మీటర్ ఐడియా. పాత మీటర్ తీసి పారేయకుండా దాని ఎదురుగా రాస్ప్‌బెర్రీ పై కెమెరా పెట్టి అంకెల్ని మెషిన్ లెర్నింగ్‌తో చదివిస్తారు. ఐఐఐటీ ఢిల్లీ వాళ్ళయితే క్యాంపస్ బిల్డింగుల కరెంటు వాడకాన్ని నిమిషానికి ఒక రీడింగ్ చొప్పున 52 నెలలు రికార్డ్ చేసి, ఐ-బ్లెండ్ పేరుతో 2019లో అందరికీ ఇచ్చేశారు. హార్డ్‌వేర్ కొనే ముందు ఆ డేటాసెట్ డౌన్‌లోడ్ చేసి ఆడుకోండి. డ్యాష్‌బోర్డ్ సగం అక్కడే తయారవుతుంది.

మా తప్పు ఇదీ

మా కాలేజీ పైకప్పు మీద 100 కిలోవాట్ల సోలార్ ఉంది. మన వైపు ఒక కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి కాబట్టి 400 యూనిట్లు అనుకోండి. సోలార్ ఇన్వర్టర్ దగ్గర ఒక మీటర్, గేటు దగ్గర డిస్కమ్ పెట్టిన నెట్ మీటర్. లెక్క తేలిగ్గా ఉండటానికి రోజుకి డిస్కమ్ నుంచి వచ్చింది 1600 యూనిట్లు అనుకుందాం.

మా కోడ్ చేసింది ఇది: 1600లోంచి సోలార్ 400 తీసేసి, మిగిలిన 1200ని 0.727తో గుణించి, 872 కిలోలు అని టీవీలో చూపించడం. సోలార్ ఉంటే కార్బన్ తగ్గాలి కదా, తగ్గించాం. వినడానికి బాగానే ఉంది.

కానీ ఆ సోలార్ కరెంటు క్యాంపస్‌లోనే ఖర్చయిపోయాక, ఇంకా కావాల్సింది మాత్రమే నెట్ మీటర్ లోంచి లోపలికి వస్తుంది. అంటే 1600 అనే అంకెలో సోలార్ లాభం అప్పటికే కలిసి ఉంది. మేం దాన్ని రెండోసారి తీసేశాం. నిజమైన నంబర్ 1600 ఇంటూ 0.727, అంటే 1163 కిలోలు. రోజుకి 291 కిలోలు గాల్లోకి కాదు, మా కోడ్‌లోకి మాయం. ఆదివారాలు బయటికి పంపిన యూనిట్లు ఉంటే వాటిని విడిగా చూపించాలి తప్ప ఇందులో కలపకూడదు.

ఇంకో తప్పు కూడా ఉంది, అది ఇటువైపు. మేం నంబర్‌ని నెలవారీ బిల్లుతో సరిచూసుకునేవాళ్ళం. హెచ్‌టీ బిల్లు మన రాష్ట్రంలో కేవీఏహెచ్‌లో వస్తుంది, కేడబ్ల్యూహెచ్‌లో కాదు. పవర్ ఫ్యాక్టర్ 0.9 ఉంటే బిల్లులో 1000 అని ఉన్నచోట నిజంగా వాడింది 900 యూనిట్లే. ఎమిషన్ ఫ్యాక్టర్‌తో గుణించాల్సింది ఈ 900ని. ఒక తప్పు నంబర్‌ని కిందికి లాగింది, ఇంకోటి కొంచెం పైకి లాగింది, రెండూ కలిసి చూడటానికి నమ్మేలా ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం క్యాంపస్ ఉద్గారాలు మైనస్‌లోకి వెళ్ళాయి. కాలేజీ చెట్టులా కార్బన్ పీల్చుకుంటోందన్నమాట! అప్పుడు వెనక్కి వెళ్ళి చూస్తే ఇదంతా బయటపడింది.

సార్‌కి చెప్పాం. ఆయన కోప్పడలేదు. కొద్దిసేపు ఆలోచించి "నాక్ విజిట్ అయ్యాక మారుద్దాంలే" అన్నారు. నాక్ వాళ్ళు ఏడో క్రైటీరియన్‌లో సోలార్, ఎనర్జీ ఆడిట్, గ్రీన్ ఆడిట్ గురించి అడుగుతారు. లాబీలో ఆ టీవీ అప్పుడు బాగా పనికొస్తుంది. మాకు మార్కులు వేసేది ఆయనే. నలుగురం క్యాంటీన్‌లో కూర్చుని గంటసేపు వాదించుకున్నాం. చివరికి నంబర్ మార్చే ధైర్యం చాలక టీవీలో ఆ పెద్ద నంబర్ తీసేసి, "సోలార్ ఈ రోజు: ఇన్ని యూనిట్లు" అని మాత్రం పెట్టాం. అది నిజమే కాబట్టి. తెలివైన పనే అనిపించింది అప్పుడు. ఇప్పుడు గుర్తొస్తే అంత గొప్పగా ఏం లేదు.

సెన్సర్ పెట్టలేని చోట

పొద్దున ఏడున్నరకి పామర్రు సెంటర్లో నిలబడండి. విజయవాడ రోడ్డు, బందరు రోడ్డు, గుడివాడ రోడ్డు, కూచిపూడి వైపు వెళ్ళే రోడ్డు, అన్నీ కలిసే చోటు. పసుప్పచ్చ కాలేజీ బస్సులు వరసగా వస్తాయి. నేను నాలుగేళ్ళు ఆ బస్సే ఎక్కా. డ్యాష్‌బోర్డ్ కట్టిన నాలుగు నెలలు కూడా ఆ బస్సులోనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో కోడ్ రాశా. కింద మండుతున్న డీజిల్ లెక్కలోకి రావాలని ఒక్కసారి కూడా తట్టలేదు.

లీటర్ డీజిల్ మండితే సుమారు 2.68 కిలోల కార్బన్ డై ఆక్సైడ్. బస్సు రోజుకి 70 కిలోమీటర్లు తిరిగి, లీటర్‌కి 4 ఇస్తుందనుకుంటే పదిహేడున్నర లీటర్లు. అలాంటివి 15 బస్సులుంటే రోజుకి దాదాపు 700 కిలోలు. పైన చెప్పిన కరెంటు 1163 పక్కన పెట్టి చూడండి. మనలాంటి పల్లెటూళ్ళ మధ్య కాలేజీలకి బస్సులే రెండో పెద్ద పద్దు. వాటికి ఏ స్మార్ట్ మీటరూ లేదు. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ టేబుల్ మీద నూనె మరకలతో ఒక డీజిల్ పుస్తకం ఉంటుంది. ఏ బస్సుకి ఏ రోజు ఎన్ని లీటర్లు అని. మా ప్రాజెక్టు మొత్తంలో అంత నమ్మకమైన డేటా ఇంకోటి దొరకలేదు నాకు.

కార్బన్ లెక్కల్లో వీటికి స్కోప్‌లు అంటారు. మీరు స్వయంగా మండించేది స్కోప్ 1: కాలేజీ సొంత బస్సులు, జనరేటర్, హాస్టల్ వంటగది గ్యాస్. కొన్న కరెంటు స్కోప్ 2. మిగతావన్నీ, అంటే ఆర్టీసీ బస్సుల్లో వచ్చే పిల్లలు, కొన్న కంప్యూటర్లు, చెత్త, ఇవి స్కోప్ 3. టీవీల్లో కనపడేది చాలావరకు స్కోప్ 2 ఒక్కటే. ఎందుకంటే కొలవడం ఈజీ, గ్రాఫ్ కూడా అందంగా వస్తుంది.

జనరేటర్ గురించి ఒక తమాషా. నల్ల పొగ చూసి గ్రిడ్ కరెంటు కన్నా ఎన్నో రెట్లు చెడ్డదనుకున్నాం. లీటర్‌కి 3 నుంచి మూడున్నర యూనిట్లు ఇస్తే యూనిట్‌కి 0.8 కిలోల దగ్గరే ఉంటుంది, మన గ్రిడ్‌కి కొంచెం పైన. అంటే మన గ్రిడ్ అంత బొగ్గు మీద నడుస్తోందన్నమాట. అయితే పెద్ద జనరేటర్‌ని చిన్న లోడ్ మీద తిప్పితే కిలో దాటిపోతుంది. ఇక మసి, శబ్దం సంగతి హాస్టల్ వెనక గదుల వాళ్ళని అడగండి. తుఫాను టైంలో రెండు రోజులు లైను లేకపోతే ఆ వారం జనరేటర్ పద్దు ఒక్కసారిగా లేస్తుంది.

వంట గ్యాస్ తేలిక: 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కి సుమారు 57 కిలోల కార్బన్. సిలిండర్లు లెక్కపెట్టుకుంటే చాలు. అసలు దొంగ ఏసీ గ్యాస్. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఒక కిలో లీకైతే 1810 కిలోల కార్బన్ డై ఆక్సైడ్‌తో సమానం. అంటే దాదాపు 2500 యూనిట్ల కరెంటు వాడినట్టు. మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి" అన్న ప్రతిసారీ అది ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు. ఎంత నింపాడో బిల్లులో రాయమని అడగడమే దానికి సెన్సర్.

అదే యూనిట్, మధ్యాహ్నం వేరు, రాత్రి వేరు

0.727 అనేది ఏడాది సగటు. గ్రిడ్ మాత్రం గంటగంటకీ మారుతుంది. ఎలక్ట్రిసిటీ మ్యాప్స్ అనే యాప్ ఉంది, డెన్మార్క్ వాళ్ళది. మధ్యాహ్నం పన్నెండుకి ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి తెరిచి సదరన్ ఇండియా జోన్ చూడండి. ఎండలో సోలార్ వాటా ఉబ్బుతుంది, సాయంత్రానికి ఆ చోట్లోకి బొగ్గు, జలవిద్యుత్ వస్తాయి. అక్కడ నంబర్లు 0.727తో నేరుగా పోల్చకండి. వాళ్ళు ప్లాంటు కట్టడం నుంచి మొత్తం జీవితకాలం లెక్కేస్తారు. మన సీఈఏ లెక్క మండేటప్పుడు వచ్చేది మాత్రమే.

బ్రిటన్‌లో అయితే గ్రిడ్ వాళ్ళే అరగంట అరగంటకి కార్బన్ అంచనా ఉచిత ఏపీఐలో ఇస్తారు. అమెరికాలో ఐఫోన్లకి ఐఓఎస్ 16.1 నుంచి క్లీన్ ఎనర్జీ ఛార్జింగ్ అని ఒక ఆప్షన్ వచ్చింది, గ్రిడ్ శుభ్రంగా ఉన్న టైం చూసి ఛార్జ్ ఎక్కిస్తుంది. ఫోన్‌కి అది పెద్ద తేడా కాదని పైన చూశాం. క్యాంపస్‌కి మాత్రం తేడానే. ఓవర్‌హెడ్ ట్యాంకు మోటార్ తెల్లవారుజామున వేసే బదులు మధ్యాహ్నం వేస్తే ఆ కరెంటులో చాలాభాగం సొంత పైకప్పు నుంచే వస్తుంది. ఇందులో చిక్కు ఏంటంటే, ఏడాది సగటుతో లెక్కేసే డ్యాష్‌బోర్డ్‌కి గ్రిడ్‌లో ఈ గంటల తేడా అసలు కనపడదు. మోటార్ టైం మార్చిన మనిషికి టీవీలో సగం ఫలితమే కనిపిస్తుంది.

అన్నీ అలా జరపలేం లెండి. గుడివాడ, కైకలూరు వైపు చెరువుల్లో ఏరేటర్లు తిరిగేది రాత్రిపూటే. తెల్లవారేలోపు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి. చేపకి ఎండ వచ్చేదాకా ఆగమని చెప్పలేం. హాస్టల్ ఫ్యాన్లూ అంతే.

రాడ్డు గొడవ

ఇది రాయకుండా ఉండలేను. మేం హాస్టల్ బ్లాక్‌లో ఫ్లోర్‌కి ఒక మీటర్ పెట్టాం. డిసెంబర్‌లో పొద్దున్నే ఆరింటికి గ్రాఫ్‌లో 1500 వాట్ల మెట్లు కనపడేవి. ఒకటి, రెండు, మూడు. హీటర్ రాడ్లు! హాస్టల్‌లో నిషేధం. వార్డెన్ గారు గ్రాఫ్ చూసి ముచ్చటపడి, "గది గదికీ పెట్టగలరా బాబూ?" అని అడిగారు.

పెట్టగలం. రూముకో పీజెడ్ఈఎం చాలు. కానీ నిమిషానికో రీడింగ్ ఉంటే ఎవరు ఎన్నింటికి లేచారు, ఎవరు రాత్రంతా గేమింగ్ ల్యాప్‌టాప్ ముందు ఉన్నారు, ఎవరు గదిలో లేరు, అన్నీ తెలిసిపోతాయి. కార్బన్ కోసం పెట్టింది కాపలా అయిపోతుంది. మేం ఫ్లోర్ దగ్గరే ఆపేశాం, అదీ పదిహేను నిమిషాల సగటు చేసి. నా మూడో ఫ్లోర్‌లో ఒక రాడ్డు నాదే కావడం కూడా ఒక కారణం, ఒప్పుకుంటా.

మా జూనియర్‌కి రాసిన రిప్లై

సెన్సర్ ఆఖర్న కొనండి. మొదటి వారం ఏడాది కరెంటు బిల్లులు, డీజిల్ పుస్తకం, సిలిండర్ బిల్లులు, ఏసీ సర్వీసు బిల్లులు ఒక షీట్‌లో ఎక్కించండి. ఏ పద్దు ఎంతో తెలుస్తుంది. పెద్దదానికి సెన్సర్ పెట్టండి. ప్యానెల్ మీద ఉన్న మీటర్ పోర్టే వాడండి, బాబాయ్ లేకుండా తలుపు తెరవొద్దు. మీ రూమ్‌లో సరదాగా చేయాలంటే టాపో పీ110 లాంటి ఎనర్జీ మానిటరింగ్ స్మార్ట్ ప్లగ్ చాలు. ఏ ఏడాది ఫ్యాక్టర్ వాడారో స్క్రీన్ మీదే రాయండి. లెక్కలో ఏం కలపలేదో అది కూడా రాయండి.

వాడు మొన్న ఫొటో పంపాడు. అదే లాబీ, అదే టీవీ. నంబర్ మేం పెట్టినదానికి రెండింతల పైనే ఉంది. ఆకు బొమ్మ లేదు. కింద చిన్న అక్షరాల్లో వరసగా గ్రిడ్, బస్సులు, జనరేటర్, గ్యాస్. ఏసీ గ్యాస్ ఎదురుగా "డేటా లేదు" అని ఉంది. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ గారు డీజిల్ లీటర్లు ఇప్పుడు ఫోన్‌లో ఫారమ్ నింపి పంపుతున్నారట, కానీ పుస్తకంలో కూడా రాస్తూనే ఉన్నారట.